ఎడారి దుమ్ములోకి కెమెరా తీసుకెళ్తున్నారా? బయల్దేరే ముందు, అక్కడ ఉన్నప్పుడు, తిరిగొచ్చాక చేయాల్సిన పనులు

దసరా సెలవులు అయిపోయి చలిగాలి మొదలవుతుందనగానే విజయవాడ, గుంటూరు నుంచి రాజస్థాన్ వెళ్లేవాళ్లు ఒకే ప్రశ్న అడుగుతుంటారు: "జైసల్మేర్ వెళ్తున్నాం, కెమెరాలోకి దుమ్ము పోకుండా ఏం చేయాలి?" వాళ్లలో జియాలజీ విద్యార్థులు ఉంటారు, అక్కడి జురాసిక్ రాళ్లు, అకల్ దగ్గర రాయిగా మారిన చెట్ల మొద్దులు చూడటానికి వెళ్తారు. డెజర్ట్ నేషనల్ పార్కులో బట్టమేక పిట్ట కనబడుతుందేమోనని వెళ్లే పక్షి ప్రేమికులు ఉంటారు. సమ్ ఇసుక దిబ్బల మీద ప్రీ వెడ్డింగ్ షూట్ ఒప్పుకున్న ఫొటోగ్రాఫర్లూ ఉంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. మిర్చి యార్డులో, కంకర క్రషర్ల దగ్గర, కృష్ణా ఇసుక రీచ్‌ల్లో పని చేసేవాళ్లకూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ముందుగా ఒక్క విషయం. కెమెరా ఎన్నిసార్లు తెరిస్తే అన్నిసార్లు దుమ్ము లోపలికి వెళ్తుంది. లెన్స్ మార్చడం, కార్డు తీయడం, బ్యాటరీ మార్చడం, బ్యాగు జిప్పు లాగడం, అన్నీ తెరవడమే. తుఫాను గాలిలో పాడైన కెమెరాల కన్నా మామూలు ఎండ రోజున, నిర్లక్ష్యంగా లెన్స్ మార్చినప్పుడు పాడైనవే నేను ఎక్కువ చూశాను. కింద చెప్పే పద్ధతిలో సగం పని ఆ తెరిచే సందర్భాలను తగ్గించడమే.

రెండు మాటల్లో సంగతి

ఎడారిలో ఇసుక వేరు, దుమ్ము వేరు. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోహ్స్ కొలమానంలో 7, మామూలు గాజుది సుమారు 5.5. రేణువు లెన్స్ మీద ఉండగానే గుడ్డ పెట్టి తుడిస్తే గీత పడుతుంది. అయితే గాలికి ఇసుక గెంతుకుంటూ పోతుంది కాబట్టి దానిలో అధిక భాగం మోకాలి ఎత్తు దాటదు. సామాను ఎత్తులో పెట్టుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు. సన్న దుమ్ము అలా కాదు. మనిషి తల మీదుగా గంటల తరబడి తేలుతూనే ఉంటుంది, జిప్పు పళ్ల సందుల్లోంచి కూడా దూరుతుంది. కెమెరా లోపల ఫొటోను పట్టే సెన్సర్ మీద మచ్చలు పెట్టేది ఇదే. దీన్ని ఆపాలంటే మూసి ఉంచడం తప్ప దారి లేదు.

"మాది వెదర్ సీల్డ్ కెమెరా, భయం లేదు" అనుకోకండి. సందులకు సీలింగ్ ఉందని చెప్పడానికి చాలా కంపెనీలు ఆ మాట వాడతాయి గానీ, దుమ్మును, నీటిని ఎంతవరకు ఆపుతుందో అంకెల్లో చెప్పే ఐపీ రేటింగ్ ఇవ్వవు. ఇచ్చిన కొద్ది కెమెరాల్లో ఓఎం సిస్టమ్ ఓఎం-1 ఒకటి, దానిది ఐపీ53. అందులో మొదటి అంకె 5 అంటే దుమ్మును చాలావరకు ఆపుతుందనే గానీ పూర్తిగా ఆపుతుందని కాదు, పూర్తిగా అంటే 6 ఉండాలి. పైగా బాడీకి, అంటే లెన్స్ కాకుండా మిగతా కెమెరాకు, సీలింగ్ ఉన్నా, లెన్స్ వెనక రబ్బరు రింగు లేకపోతే ఆ కీలు దగ్గర దారి తెరిచే ఉంటుంది. మీ లెన్స్ విప్పి లోహపు మౌంట్ చుట్టూ సన్నటి రబ్బరు అంచు ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి.

కావలసినవి

- చేత్తో నొక్కే రబ్బరు బ్లోయర్, పెద్ద సైజుది. చిన్నది కొనకండి, గాలి చాలదు.
- మెత్తటి బ్రష్‌లు రెండు. ఒకటి బాడీకి, ఒకటి లెన్స్ గాజుకు. గుర్తుగా ఒకదాని పిడికి రంగు టేపు చుట్టండి. బాడీకి కొత్త మేకప్ బ్రష్ చక్కగా సరిపోతుంది.
- మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగైదు. ఒక్కోటి విడిగా జిప్‌లాక్ కవర్లో పెట్టాలి.
- లెన్స్ క్లీనింగ్ ద్రవం చిన్న సీసా.
- లెన్స్ ముందు బిగించే ప్రొటెక్షన్ ఫిల్టర్. మీ లెన్స్ ముందు భాగంలో రాసి ఉండే 67, 72, 77 లాంటి అంకె చూసి అదే సైజు తీసుకోండి.
- మెడికల్ షాపులో దొరికే పేపర్ టేపు, లేదా పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు.
- పెద్ద, చిన్న జిప్‌లాక్ కవర్లు. విజయవాడ వన్‌టౌన్‌లో ప్లాస్టిక్ కవర్ల హోల్‌సేల్ షాపుల్లో మందంగా ఉండేవి తీసుకోండి, పల్చటివి రెండో రోజుకే చిరుగుతాయి.
- స్నానానికి వాడే షవర్ క్యాప్ ఒకటి.
- సిలికా జెల్ ప్యాకెట్లు, రంగు మారే రకం.
- గాలి చొరబడని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, కెమెరా, లెన్స్ పట్టేంత.
- సెన్సర్ స్వాబ్‌లు (సెన్సర్ తుడిచే పుల్లలు), వాటి ద్రవం. ఫుల్ ఫ్రేమ్‌కు, అంటే పెద్ద సెన్సర్‌కు, 24 మిల్లీమీటర్లవి, చిన్న సెన్సర్ అయితే 16 మిల్లీమీటర్లవి. అలవాటు లేనివాళ్లకు ఇవి అక్కర్లేదు.

బ్రౌన్ టేపు, కరెంటు పనికి వాడే ఇన్సులేషన్ టేపు కొనకండి. ఎండకు వాటి జిగురు కరిగి కెమెరాకు అంటుకుంటుంది, ఆ జిగురు మీద ఇసుక అంటుకుంటుంది. ఇక దాన్ని వదిలించడం మరో పని.

1. బయల్దేరే ముందు సెన్సర్ పరీక్ష ఫొటో తీసి దాచుకోండి

దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. ముందు ఫొటో లేకపోతే తిరిగొచ్చాక కనబడే మచ్చ పాతదో కొత్తదో తెలియదు.

కెమెరాను అపర్చర్ ప్రయారిటీలో పెట్టండి. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/16, ఐఎస్ఓ 100, ఎక్స్‌పోజర్ ప్లస్ 1. ఫోకస్‌ను మాన్యువల్‌కు మార్చి చివరిదాకా దూరానికి తిప్పండి. తెల్ల గోడకు దగ్గరగా నిలబడి, షటర్ తెరిచి ఉన్నంతసేపు కెమెరాను మెల్లగా అటూఇటూ కదుపుతూ ఫొటో తీయండి. గోడ మీది మరకలు కదలికకు చెరిగిపోతాయి, సెన్సర్ మీది మచ్చలు మాత్రం కదలకుండా ముదురు చుక్కల్లా కనబడతాయి. కంప్యూటర్లో నూరు శాతం పెద్దది చేసి మూల నుంచి మూలకు చూడండి.

ఎఫ్/2.8లో తీస్తే ఏమీ కనబడదు, శుభ్రంగా ఉందని సంబరపడతారు. దుమ్ము కూర్చునేది సెన్సర్ ముందున్న గాజు పలక మీద. అపర్చర్ చిన్నదైతేనే, అంటే ఎఫ్ అంకె పెద్దదైతేనే, దాని నీడ స్పష్టంగా పడుతుంది. ఎడారిలో ఎండకు ఎఫ్/11, ఎఫ్/16 వాడతాం కాబట్టి మీ అసలు ఫొటోల్లోనూ ఆ చుక్కలు నీలాకాశం మీద కొట్టొచ్చినట్టు కనబడతాయి.

మచ్చలు ముందే ఉంటే ఇక్కడే క్లీన్ చేయించుకుని వెళ్లండి.

2. ఏ బాడీకి ఏ లెన్సో ఇక్కడే తేల్చుకోండి

రెండు బాడీలు ఉంటే ఒకదానికి వైడ్ (ఎక్కువ వెడల్పు పట్టే లెన్స్), ఒకదానికి టెలీ (దూరానివి దగ్గరగా చూపేది) బిగించి, పని అయ్యేవరకు విప్పకండి. రెండోది లేకపోతే తోటివాళ్లతో కలిసి పంచుకోండి. నలుగురు విద్యార్థులు వెళ్తే ఒకరు దగ్గరి ఫొటోలు, ఒకరు దూరానివి తీయవచ్చు. ఒక్కరే, ఒక్క బాడీతో వెళ్తుంటే 24-105, 18-140 లాంటి ఒకే జూమ్ చాలు. నాణ్యత కాస్త తగ్గినా ఫర్వాలేదు, మచ్చలు లేని ఫొటో ముఖ్యం.

జూమ్ తిప్పితే పొడుగు సాగే లెన్స్ సాగినప్పుడల్లా గాలిని లోపలికి పీలుస్తుంది, దాంతో దుమ్మునూ పీలుస్తుంది. 70-200 ఎఫ్/2.8 రకాల్లో చాలావాటికి బయటి పొడుగు మారదు, అవి మేలు. మీది సాగే రకమే అయితే, గాలి ఎక్కువగా ఉన్నప్పుడు ఒక దగ్గర నిలిపి మీరే ముందుకూ వెనక్కూ నడవండి.

పెద్ద మెమరీ కార్డు వేయండి. రోజంతా కార్డు మార్చాల్సిన పని రాకూడదు.

3. సందులు మూయండి

ప్రొటెక్షన్ ఫిల్టర్ బిగించండి, లెన్స్ ముందు తొడిగే హుడ్ పెట్టండి. హుడ్ ఎండకే అనుకుంటారు గానీ పక్కనుంచి కొట్టే ఇసుకను కూడా ఆపుతుంది.

తర్వాత పేపర్ టేపు. బాడీ, లెన్స్ కలిసే చోట చుట్టూ ఒక్క వరస. యూఎస్‌బీ, బయటి మైక్ గుచ్చే రంధ్రాల మూతల మీద ఒక వరస. ఫ్లాష్ పెట్టే హాట్ షూ మీద ఒక ముక్క. టేపు మొదలును కొంచెం మడిచి ఉంచితే తీసేటప్పుడు గోరుతో గీకక్కర్లేదు. కార్డు తలుపుకు, బ్యాటరీ తలుపుకు కూడా వేయవచ్చు, కానీ సాయంత్రం టేపు తీసే ముందు దాని చుట్టూ బ్రష్‌తో దులపాలని గుర్తుంచుకోండి.

కెమెరాలోనే ఉండే మైక్ రంధ్రం, స్పీకర్ రంధ్రాల మీద వేస్తే వీడియోలో శబ్దం మూసుకుపోతుంది. వీడియో తీసేవాళ్లు వాటిని వదిలేయండి. వేడి గాలి బయటకు పోయే సందులున్న కెమెరా అయితే వాటిని అసలు మూయకూడదు.

కెమెరా మొత్తానికి వంటింటి ప్లాస్టిక్ చుట్టే అలవాటు కొందరిది. చలికాలం ఉదయం ఫర్వాలేదు గానీ మధ్యాహ్నం ఎండలో వీడియో తీస్తే లోపల వేడి చేరి కెమెరా ఆగిపోతుంది. దానికన్నా షవర్ క్యాప్ నయం: ఫొటో తీయనప్పుడు లెన్స్‌తో సహా తొడగండి, తీసేటప్పుడు లాగేయండి.

4. బ్యాగులో రెండు పొరలు

కెమెరా బ్యాగు జిప్పు దుమ్మును ఆపలేదు. కాబట్టి బ్యాగు లోపల ప్రతి వస్తువూ దాని జిప్‌లాక్ కవర్లో ఉండాలి: అదనపు లెన్స్ ఒకదాంట్లో, బ్యాటరీలు ఒకదాంట్లో, గుడ్డలు ఒక్కోటి విడిగా. ఖాళీ కార్డులు, నిండిన కార్డులు వేర్వేరు చిన్న డబ్బాల్లో.

బ్యాగును వెళ్లే ముందు వ్యాక్యూమ్ చేయండి లేదా బోర్లించి దులపండి. పాత బ్యాగు అడుగున ఉండే నూగే సగం మచ్చలకు మూలం.

విమానంలో వెళ్తే విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే ఉంచుకోండి.

5. కృష్ణ ఇసుకలో ఒకసారి సాధన చేయండి

ఇది నేను గట్టిగా చెబుతాను. కవర్లోంచి కెమెరా తీయడం, టేపు వేసిన బటన్లు తడుముకోవడం, షవర్ క్యాప్‌తో పని చేయడం మొదటిసారి ఎడారిలో చేస్తే కంగారు పడతారు. కంగారులోనే లెన్స్ క్యాప్ ఇసుకలో పడుతుంది. ఓ ఆదివారం ఉదయం నది ఒడ్డున పొడి ఇసుకలో ఒక గంట పని చేసి చూడండి, ఏది చేతికి అందడం లేదో, ఏ కవరు చిన్నదైందో అక్కడే తెలిసిపోతుంది.

రెండు జాగ్రత్తలు. ఇసుక తవ్విన గోతులు నీళ్ల కింద కనబడవు, బ్యారేజీ గేట్లు ఎత్తితే దిగువన నీరు పెరుగుతుంది. ఒడ్డునే ఉండండి, పాయల్లోకి దిగకండి. ఇక గుంటూరు వైపు వాళ్లు దగ్గరగా ఉందని సూర్యలంక బీచ్‌కు వెళ్లి సాధన చేస్తామంటారు. వద్దు. సముద్రపు ఇసుకలో ఉప్పు, తేమ ఉంటాయి. పొడి ఎడారి ఇసుక కన్నా అది కెమెరాకు ఎక్కువ చేటు.

6. అక్కడ పని చేస్తున్నప్పుడు

బ్యాగు నేల మీద పెట్టకండి. జీపు సీటు మీద, రాయి మీద, లేదా భుజానికి. తప్పనిసరై నేల మీద పెట్టాల్సి వస్తే కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, జిప్పు ఉన్న వైపు గాలికి ఎదురుగా లేకుండా చూడండి.

జీపుల వరసలో వెళ్తుంటే ముందు జీపు రేపే దుమ్మంతా మీకే. డ్రైవర్‌కు చెప్పి కాస్త దూరం ఉంచమనండి, లేదా గాలివాటు చూసి పక్కగా పోనివ్వమనండి. కెమెరాను ఒళ్లో కవర్లో పెట్టుకోండి, కాళ్ల దగ్గర కాదు.

ట్రైపాడ్ కాళ్లను ఇసుకలోకి గుచ్చితే అడుగు లాకుల్లోకి ఇసుక వెళ్లి తిప్పినప్పుడల్లా కరకరలాడుతుంది. ఒక్కో కాలి కింద వెడల్పాటి డబ్బా మూత పెట్టండి. అన్నిటికన్నా కింది భాగాన్ని ముందు కొంచెం బయటకు లాగి బిగిస్తే లాకు ఇసుకకు పైనే ఉంటుంది. రాత్రికి విప్పి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక బిగించండి. నూనె, తుప్పు వదిలించే స్ప్రేలు వేయకండి, జిడ్డుకు ఇసుక మరింత పట్టుకుంటుంది.

డిసెంబరు, జనవరిల్లో అక్కడ తెల్లవారుజామున బాగా చలి. బ్యాటరీ తొందరగా దిగిపోయినట్టు చూపిస్తుంది. అదనపు బ్యాటరీని చొక్కా లోపలి జేబులో, కవర్‌తో సహా ఉంచుకుంటే ఒంటి వెచ్చదనానికి నిలబడుతుంది.

7. లెన్స్ మార్చక తప్పకపోతే

ముందు అడగాల్సింది: నిజంగా తప్పదా? అవునంటే బయట కాకుండా కారులోకి వెళ్లండి. అద్దాలు మూసి, ఏసీ ఫ్యాన్ ఆపి, గాలిలో ఎగిరిన దుమ్ము కిందకు దిగేదాకా కాసేపు ఆగండి. అందరూ మర్చిపోయేది ఈ ఆగడమే. తలుపు వేసిన వెంటనే మారిస్తే కారు లోపలి దుమ్ము కూడా అంతే.

కారు లేకపోతే పెద్ద, శుభ్రమైన, పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్లో రెండు చేతులూ, కెమెరా, లెన్స్ పెట్టి లోపలే మార్చండి. చున్నీ, తువ్వాలు, దుప్పటి కప్పి మార్చకండి, వాటి నూగు సెన్సర్ మీదే పడుతుంది.

వరస ఇలా ఉండాలి:

క. కెమెరా ఆపేయండి. కొన్ని మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆపగానే షటర్ మూసుకుని సెన్సర్‌కు అడ్డంగా నిలిచే ఏర్పాటు ఉంటుంది, మెనూలో దాన్ని ముందే ఆన్ చేసి ఉంచండి.
ఖ. బాడీ, లెన్స్ కీలు చుట్టూ బ్రష్‌తో దులిపి, బ్లోయర్‌తో ఊదండి. ఇది తెరవక ముందే చేయాలి.
గ. కొత్త లెన్స్ వెనక మూతను వదులు చేసి పక్కనే సిద్ధంగా ఉంచండి.
ఘ. కెమెరా ముఖం నేలవైపు ఉంచి పాత లెన్స్ విప్పి వెంటనే కొత్తది బిగించండి.
ఙ. పాత లెన్స్‌కు వెనక మూత పెట్టి కవర్లో వేయండి. ఆ మూత లోపల దుమ్ము ఉంటే అదంతా లెన్స్ వెనక గాజుకు, అక్కడి నుంచి సెన్సర్‌కు వెళ్తుంది. అందుకే మూతలనూ ఊది పెట్టండి.

8. ఆంధీ వస్తే

వేసవిలో, ముఖ్యంగా మే, జూన్‌లలో థార్‌లో దుమ్ము తుఫానులు వస్తాయి. అక్కడివాళ్లు ఆంధీ అంటారు. దూరాన గోధుమ రంగు గోడ లేచి వస్తున్నట్టు కనబడుతుంది. చూడ్డానికి గొప్పగా ఉంటుంది, ఇంకో రెండు ఫొటోలు తీద్దామనిపిస్తుంది. తీయండి, కానీ అప్పటికే జీపు పక్కన ఉండి తీయండి.

అది చేరువయ్యేలోగా కెమెరా ఆపి, జిప్‌లాక్ కవర్లో వేసి, బ్యాగులో పెట్టి, బ్యాగును వాహనంలో పెట్టండి. ముందు మీ కళ్లు, ముక్కు కప్పుకోండి. తుఫాను ఆగాక కూడా దుమ్ము చాలాసేపు గాలిలోనే ఉంటుంది, వెంటనే బ్యాగు తెరవకండి. తడి గుడ్డ చుట్టి కెమెరాను కాపాడుదామనుకోవద్దు, దుమ్ము తడికి బురదవుతుంది.

9. సాయంత్రం శుభ్రం చేసే క్రమం

గదిలోకి వచ్చాక ఫ్యాన్, ఏసీ ఆపండి. మీ బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కోండి. బట్టల దుమ్ము తక్కువేం కాదు.

కెమెరా కవర్‌లో ఉండగానే కవర్ బయట దులపండి. తర్వాత బయటకు తీసి, టేపులేవీ తీయకుండానే మొత్తం బ్లోయర్‌తో ఊదండి, కెమెరాను తలకిందులుగా పట్టుకుని. అప్పుడు బ్రష్. బటన్ల చుట్టూ, డయల్ కింద, వ్యూ ఫైండర్ రబ్బరు సందుల్లో, జూమ్ రింగు అంచున. మళ్లీ ఊదండి. అప్పుడే గుడ్డ. బాడీకి కొద్దిగా తడిపిన గుడ్డ ఫర్వాలేదు.

ఫిల్టర్‌కు: ఊదండి, బ్రష్ చేయండి, మళ్లీ ఊదండి. వేలిముద్రలు ఉంటే గుడ్డ మీద ఒక చుక్క ద్రవం వేసి మధ్య నుంచి అంచుకు గుండ్రంగా తుడవండి. ద్రవం గాజు మీద నేరుగా వేయకండి, అంచుల్లోకి జారుతుంది. ఏ గుడ్డయినా ఒక్కసారి నేల మీద పడితే ఆ రోజుకు దాన్ని పక్కన పెట్టేయండి. ఇసుక రేణువు దారాల మధ్య ఉండిపోయి అది గరుకు కాగితం పని చేస్తుంది.

టేపులు, కార్డు తలుపు తెరవడం అన్నిటికన్నా చివర. ఫొటోలు రెండు చోట్ల కాపీ చేసుకున్నాకే కార్డు ఖాళీ చేయండి.

చేయకూడని పనులు కొన్ని విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇవి రోజూ చూస్తుంటాను:

- నోటితో ఊదడం. తుంపర్లు పడి ఎండిపోతే దుమ్ము కన్నా మొండి మచ్చలు.
- పంక్చర్ షాపులో, పెట్రోలు బంకులో గాలి కొట్టించడం. ఆ గాలిలో కంప్రెసర్ నూనె, నీటి తుంపరలు ఉంటాయి, వేగం కూడా ఎక్కువ. దుమ్మును సీలింగ్ దాటించి లోపలికి నెట్టేస్తుంది. డబ్బాల్లో అమ్మే గాలి స్ప్రే కూడా సెన్సర్ మీద వద్దు, ఒక్కోసారి ద్రవం చిమ్ముతుంది.
- చొక్కా అంచుతో, కొంగుతో, కండువాతో లెన్స్ తుడవడం.
- ఇంట్లో అద్దాలు తుడిచే స్ప్రే, శానిటైజర్ వాడటం. లెన్స్ మీది పూత దెబ్బతింటుంది.
- బియ్యం డబ్బాలో పెట్టడం. బియ్యానికి ఉండే తవుడు పొడే కొత్త దుమ్ము. తేమకు సిలికా జెల్ ఉంది.

10. ఫలితం సరిచూసుకోండి

రోజూ రాత్రి మొదటి మెట్టులో చెప్పిన పరీక్ష ఫొటో తీయండి. తెల్ల గోడ లేకపోతే ఫోన్ తెర మీద తెల్ల పేజీ తెరిచి దగ్గరగా పెట్టి తీయవచ్చు. పాత ఫొటో పక్కన పెట్టి పోల్చండి.

కొత్త చుక్కలుంటే అది సెన్సరా లెన్సా అని అనుమానం వస్తుంది. లెన్స్ ముందు గాజు మీది దుమ్ము మామూలుగా అంత స్పష్టమైన చుక్కలా కనబడదు. చుక్క గుండ్రంగా, ప్రతి ఫొటోలో అదే చోట ఉంటే దాదాపుగా సెన్సరే.

చేత్తో కూడా పరీక్షించాలి. జూమ్ రింగు, ఫోకస్ రింగు మెల్లగా తిప్పి చెవి దగ్గర పెట్టుకుని వినండి. కరకర వినిపిస్తే ఇంకా తిప్పకండి. లెన్స్ ముఖం కిందకు పెట్టి రింగు చుట్టూ ఊది, బ్రష్ చేసి మళ్లీ చూడండి. అప్పటికీ వినిపిస్తే ఆ లెన్స్‌ను ఒకే జూమ్ దగ్గర వదిలేసి, ఊరొచ్చాక సర్వీసుకు ఇవ్వండి. బలవంతంగా తిప్పితే రేణువు లోపలి గాడిని అరగదీస్తుంది.

11. సెన్సర్ శుభ్రం చేయాల్సి వస్తే

ముందు కెమెరా మెనూలో ఉండే సెన్సర్ క్లీనింగ్ నాలుగైదుసార్లు నడపండి. అది సెన్సర్‌ను వణికించి దుమ్ము రాలుస్తుంది. చాలా పొడి దుమ్ము దీంతోనే పోతుంది.

పోకపోతే బ్లోయర్. స్నానాల గదిలో కాసేపు వేడి నీళ్లు వదిలి ఆపేస్తే ఆవిరితో గాలిలోని దుమ్ము కిందకు దిగుతుంది. గోడల తడి ఆరి, ఆవిరి పూర్తిగా పోయాక కెమెరా తీసుకెళ్లండి. బ్యాటరీ నిండుగా ఉండాలి. అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్ అయితే మెనూలో అద్దం పైకి లేపి ఉంచే క్లీనింగ్ మోడ్ ఎంచుకోండి. మధ్యలో బ్యాటరీ అయిపోతే అద్దం, షటర్ వచ్చి పడతాయి. మౌంట్ నేలవైపు చూసేలా పట్టుకుని కింది నుంచి పైకి ఊదండి. బ్లోయర్ ముక్కు మౌంట్ లోపలికి పోనివ్వకండి. అంతకుముందు బ్లోయర్‌ను గాలిలోకి నాలుగుసార్లు నొక్కండి, దాని లోపలి దుమ్ము పోతుంది.

మచ్చ ఎక్కడుందో కంటితో వెతకాలంటే ఒక చిట్కా: ఫొటోలో పైన ఎడమవైపు కనబడే చుక్క, మీరు కెమెరాకు ఎదురుగా నిలబడి చూస్తే సెన్సర్ కింద ఎడమవైపు ఉంటుంది. పైది కిందకు మారుతుంది, ఎడమ ఎడమగానే ఉంటుంది.

తడి స్వాబ్ ఎడారిలో చేయమని నేను చెప్పను. ఒక్క ఇసుక రేణువు మిగిలి ఉంటే స్వాబ్ దాన్ని గాజు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఈడుస్తుంది. ఇంటికొచ్చి, ఊది, అప్పటికీ పోని మచ్చకే స్వాబ్: రెండు చుక్కల ద్రవం, ఒక వైపుతో ఒకే ఊపున ఆ అంచుదాకా, స్వాబ్ తిప్పి రెండో వైపుతో వెనక్కి, అంతే. అదే స్వాబ్ మళ్లీ వాడకండి. యాత్ర మధ్యలో మచ్చలు మిగిలిపోతే ఎఫ్/5.6, ఎఫ్/8 దగ్గర తీస్తూ పని నడిపించండి. చుక్కలు మసకబారతాయి, మిగిలినవి కంప్యూటర్లో చెరిపేయవచ్చు.

12. ఇంటికొచ్చాక మొదటి వారం

దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. జైసల్మేర్ గాలి పొడిది, మన కోస్తా గాలి తేమది. అక్కడ రాలిపోయే దుమ్ము ఇక్కడికొచ్చి నాలుగు రోజులు బ్యాగులో ఉంటే తేమ పీల్చి గట్టిపడుతుంది. లెన్స్ మీద దుమ్ము, తేమ, చీకటి కలిస్తే ఫంగస్ పట్టడానికి అనువైన చోటు అవుతుంది.

కాబట్టి వచ్చిన మర్నాడే బ్యాగు ఖాళీ చేసి ఎండలో బోర్లించండి. గుడ్డలన్నీ సబ్బుతో ఉతకండి, మెత్తదనానికి వేసే సుగంధ ద్రవాలు వద్దు, జిడ్డు మిగులుతుంది. కెమెరా, లెన్స్‌లను తొమ్మిదో మెట్టు ప్రకారం మళ్లీ శుభ్రం చేసి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. నీలం రకం గులాబీ రంగుకు, నారింజ రకం ఆకుపచ్చకు మారితే తేమ నిండినట్టు. ప్యాకెట్ మీద రాసినట్టు వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు.

మిర్చి యార్డులో తీసేవాళ్లకు

గుంటూరు యార్డులో సీజన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపేటప్పుడు, కల్లాల్లో కాయ తిరగేసేటప్పుడు లేచే పొడి ఇసుకలా రాలిపోదు. దానికి కొంచెం జిడ్డు ఉంటుంది, నీళ్లతో కడిగినా దాని ఘాటు తేలిగ్గా పోదు. పై మెట్లన్నీ ఇక్కడా పనికొస్తాయి, కానీ మూడు అదనం. వ్యూ ఫైండర్ రబ్బరును తుడవకుండా కంటికి ఆనించకండి, వీలైతే వెనక తెర చూసే తీయండి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ముఖం పక్కకు తిప్పి, గాలివాటు చూసుకుని ఊదండి. కెమెరాకు వాడిన గుడ్డతో కళ్లద్దాలు తుడవకండి. బాడీకి సబ్బు నీటిలో తడిపి గట్టిగా పిండిన గుడ్డ వాడితే జిడ్డు వదులుతుంది, గాజు జోలికి మాత్రం దాన్ని పోనివ్వకండి.

ఫోన్‌తోనే తీసేవాళ్లకు

ఐపీ68 ఫోన్ అయినా ఛార్జింగ్ రంధ్రంలో ఇసుక చేరితే పిన్ను సరిగా కూర్చోదు. అక్కడ పేపర్ టేపు ముక్క వేయండి. ఇసుక పోయాక కేబుల్ గుచ్చండి, ముందు కాదు. పిన్నీసుతో గీకకండి, ఫోన్ తలకిందులుగా పట్టి బ్లోయర్ వాడండి. ఫోన్ వెనక కేసు తీసి లోపల చేరిన ఇసుకను రోజూ దులపండి, లేకపోతే కెమెరా గాజు చుట్టూ గీతలు పడతాయి.

సర్వీసుకు ఎప్పుడు ఇవ్వాలి

రెండు స్వాబ్‌లకు పోని మచ్చ, రింగులో కరకర, ఫోకస్ ఆగి ఆగి పని చేయడం, షటర్ శబ్దం మారడం. ఇవి ఇంట్లో బాగు చేసేవి కావు. లెన్స్ లోపల ఒకటి రెండు ధూళి కణాలు కనబడితే మాత్రం కంగారు పడి విప్పించకండి, ఫొటోలో వాటి జాడ కనబడదు.

ఇచ్చేటప్పుడు బయల్దేరే ముందు తీసిన పరీక్ష ఫొటో, తిరిగొచ్చాక తీసినది, రెండూ పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి, మచ్చ ఎక్కడుందో వెతుక్కునే పని తప్పుతుంది. కెమెరా తిరిగి తీసుకునే రోజున మీ కార్డు, నిండిన బ్యాటరీ వెంట తీసుకెళ్లి, డబ్బు కట్టే ముందే ఆ షాపు తెల్ల గోడ మీద ఎఫ్/16లో ఒకటి తీసి, పెద్దది చేసి చూసుకోండి.